పదమూడో రోజు తరువాత

(దివిసీమలో ఏటా నవంబరులో మాస్టారి జ్ఞాపకార్థం జరిగే సభలో చేసిన స్మారక ఉపన్యాసం)



తన పేరు ఎక్కడా పెట్టవద్దని మాస్టారు బతికుండగానే శిష్యుల దగ్గర మాట తీసుకున్నారు. అందుకని ఈ సభలో అందరం ఆయన్ని మాస్టారనే అంటాం. నేనూ అలాగే అంటాను. ఆయన దగ్గర నేను ఏడో తరగతి చదివాను. ఆ తరువాత డాక్టరునై, మానసిక వైద్యురాలినై, ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. దుఃఖం గురించి ఎన్నో పుస్తకాలు చదివాను, ఎందరి కన్నీళ్ళో చూశాను. అయినా ఆ విషయంలో నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే. ఆ పాఠం ఆయన నోటితో చెప్పలేదు. హాజరు పట్టీ పిలుస్తూ చెప్పారు.

హాజరు పట్టీ

1977 నవంబరు 19, శనివారం. ఈ ప్రాంతంలో ఆ తేదీ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ఈ లంక నేల మీదికి సముద్రమే లేచి వచ్చింది. ఆ ఉప్పెనలో అధికారుల లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు. అంతకన్నా ఎక్కువేనని ఇక్కడివాళ్ళు ఈనాటికీ చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు పలికితే ఇప్పటికీ మా తరం గొంతు తగ్గిపోతుంది. పశువులు, మనుషులు, తుమ్మచెట్లు, ఇంటి కప్పులు అన్నీ ఒకే బురదలో కలిసి ఉన్న ఆ పొలాలను నేను పన్నెండేళ్ళ వయసులో చూశాను.

ఆ శనివారం మాస్టారు ఏదో పని మీద బెజవాడ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు. భార్య దొరికింది. ఇద్దరు పిల్లలు దొరకలేదు.

కొన్ని వారాల తరువాత బడి మళ్ళీ తెరిచారు. కప్పు ఎగిరిపోయిన గదిలో, ఇసక మేట వేసిన నేల మీద కూర్చున్నాం. మాస్టారు వచ్చారు. పాత హాజరు పట్టీ తడిసి ఉబ్బిపోయి ఉంది. అదే తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. పోయినవాళ్ళ పేర్లు వదిలేస్తారనుకున్నాం. వదల్లేదు. ఒక పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. ‘ప్రెజెంట్ సార్’ అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగారు. తరువాతి పేరు పిలిచారు. మా తరగతిలో అలా ఆగిన పేర్లు తొమ్మిది.

ఏప్రిల్ దాకా రోజూ అలాగే పిలిచారు. మొదటి రోజుల్లో ఆ తొమ్మిది చోట్లా ఎవరో ఒకరు వెక్కేవాళ్ళు. ఫిబ్రవరికి వెక్కిళ్ళు తగ్గాయి. మార్చిలో ఒకరోజు ఒక పేరు దగ్గర ఆగినప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు, “వాడుంటే ఈపాటికి నవ్వించేవాడు సార్” అన్నాడు. మాస్టారు నవ్వారు. ఉప్పెన తరువాత ఆయన నవ్వడం మేం చూడటం అదే మొదలు. జూన్‌లో కొత్త పట్టీ వచ్చింది. అందులో ఆ పేర్లు లేవు. అప్పటికి మేం దానికి సిద్ధపడి ఉన్నాం.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఆ కొన్ని నెలల్లోనే ఉంది. పోయినవాళ్ళ చోటును వెంటనే పూడ్చేయకూడదు. దాని దగ్గర రోజూ కాసేపు ఆగాలి. ఆ ఆగడం ఒంటరిగా కాకుండా నలుగురి మధ్య జరగాలి. మన సమాజానికి ఇది ఒకప్పుడు బాగా తెలుసు. ఇప్పుడు పదమూడో రోజుతో అది ఆగిపోతోంది. ఆ తరువాతి రోజుల గురించే నా ఆవేదన.

పుట్టెడు

తెలుగువాళ్ళం ధాన్యాన్ని కొలిచే కొలతతోనే దుఃఖాన్నీ కొలిచాం. ‘పుట్టెడు దుఃఖం’ అంటాం. పుట్టి అంటే ఇరవై తూములు. అంత గింజ ఒక్క మనిషి మోయలేడు. బండి కావాలి, నలుగురు చెయ్యి వెయ్యాలి. దుఃఖం ఒంటరిగా మోసేది కాదన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

‘పరామర్శ’ అన్న మాట చూడండి. దాని మూలంలో ఉన్న సంస్కృత ధాతువుకు తాకడం, నిమరడం అనే అర్థాలు ఉన్నాయి. ఆలోచించడం అన్న అర్థం కూడా ఉంది. పరామర్శకు వెళ్ళడమంటే మాటలు చెప్పడానికి వెళ్ళడం అనుకుంటాం. ఆ మాట మాత్రం చేయి వేయమంటోంది, వాళ్ళ గురించి ఆలోచించమంటోంది. సానుభూతి ఉపన్యాసాలు ఇవ్వమని అందులో ఎక్కడా లేదు.

ఇదే భాషలో మనకు చెరుపు చేసే మాటలూ ఉన్నాయి. ‘గుండె రాయి చేసుకో’, ‘దిగమింగుకో’, ‘మగాడివి, నువ్వే ఏడిస్తే ఎలా?’ ఈ మాటలు విని రాయి చేసుకున్న గుండెలు తరువాత నా దగ్గరికి నిద్ర పట్టదని, ఛాతీ బరువని, తాగుడు మానలేకపోతున్నానని వచ్చేవి. ఎన్ని పరీక్షలు చేయించినా జబ్బు దొరకని మగవాళ్ళను, “ఇంట్లో ఎవరైనా పోయారా?” అని అడిగితే, “ఆరేళ్ళయిందండీ, మా పెద్దాడు” అని అప్పుడు మొదటిసారి ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

మన పెద్దలు వేసిన లెక్క

మన కర్మకాండను పరలోకం కోసమే అనుకుంటే అది నమ్మకానికి సంబంధించిన విషయం. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. నేను వైద్యురాలిగా దాన్ని బతికున్నవాళ్ళ వైపు నుంచి చూశాను. అందులో నాకొక లెక్క కనిపించింది.

మొదటి పది రోజులు రోజూ ఏదో ఒక పని ఉంటుంది. ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగుపొరుగు వండి తెస్తారు. తినను అన్నా ముద్ద కలిపి పెట్టే చెయ్యి ఒకటి ఉంటుంది. పది, పదకొండు, పన్నెండు రోజుల కర్మలు అయ్యాక పదమూడో రోజు శుభస్వీకారం. కర్మ అయ్యాక దగ్గరివాళ్ళు వచ్చి ‘నిద్ర’కు తీసుకెళ్తారు. భర్త పోయిన మనిషిని, తల్లి పోయిన పిల్లను తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి పడుకోబెట్టుకుని పంపుతారు. ఆ ఇంటి గోడలకు, ఆ మంచానికి దూరంగా ఒక్క రాత్రి కన్ను మూసుకోనివ్వడం. ఈ ఆచారానికి ఇంతకంటే మంచి పేరు ఏ వైద్య గ్రంథమూ పెట్టలేదు. నిద్ర.

ఆ తరువాత ఏడాది పొడుగునా మాసికాలు. నెలకొకటి చొప్పున పన్నెండు, మధ్యలో ఊనమాసికం, త్రైపక్షికం, ఊనషాణ్మాసికం, ఊనాబ్దికం కలిపి మొత్తం పదహారు. ఏడాది తిరిగాక సంవత్సరీకం. ఆపైన ఏటా తద్దినం. అంటే మొదట రోజూ, తరువాత నెలకోసారి, తరువాత ఏడాదికోసారి. దుఃఖం దగ్గర ఆగే రోజుల మధ్య ఎడం పెంచుకుంటూ పోయారు కానీ, ఇక ఆగనక్కర్లేదని మాత్రం అనలేదు. తెలంగాణలో పెత్రమాస నాడు ఇంటింటా పెద్దలకు పెట్టుకుంటారు. అప్పుడు ఒక్క ఇంటి దుఃఖం ఊరందరిదీ అవుతుంది.

ఈ లెక్క ఒక్క మతానిది కాదు. మన ముస్లిం ఇళ్ళలో మూడో రోజు, నలభయ్యో రోజు అందరూ మళ్ళీ కూడతారు. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక పెడతారు. నవంబరు 2న సమాధుల పండుగ నాడు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి అక్కడే కూర్చుంటారు. ఎవరి పద్ధతి వాళ్ళది. అన్నిటిలోనూ ‘మళ్ళీ రండి’ అన్న పిలుపు ఉంది.

పల్లెల్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడవడం మీరంతా విన్నారు. చదువుకున్నవాళ్ళు దాన్ని మోటు అనుకున్నారు. ఒకసారి ఆ ఏడుపులో మాటలు వినండి. పోయిన మనిషి ఏ ఏడు ఏ చేను కౌలుకు పట్టాడో, కూతురి పెళ్ళికి ఎక్కడ అప్పు తెచ్చాడో, ఏ కూర ఇష్టంగా తినేవాడో, పోయే ముందు రోజు ఏమన్నాడో అన్నీ వరసగా వస్తాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అందుకుని తమకు తెలిసింది కలుపుతారు. ఒక జీవిత చరిత్ర అక్కడ తయారవుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళతో ఆ కథ చెప్పించడానికి నాకు వారాలు పట్టేది.

ఇప్పుడు ఏం చేస్తున్నాం? ఎవరికీ సెలవు లేదని పదహారు మాసికాలూ పన్నెండో రోజే కలిపి కానిచ్చేస్తున్నాం. అమెరికా నుంచి వచ్చిన కొడుకు టిక్కెట్టు పద్నాలుగో రోజుకు ఉంటుంది. రాలేని కూతురు అర్ధరాత్రి లేచి వీడియో కాల్‌లో తండ్రి చితి చూస్తుంది. తెల్లారితే ఆఫీసు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. బతుకులు అలా ఉన్నాయి. కానీ ఏడాది పాటు పరుచుకోవలసిన దుఃఖాన్ని పన్నెండు రోజుల్లోకి మడిచి పెట్టామని, మడతల్లో అది అలాగే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

లెక్కలోకి రాని దుఃఖాలు

ఆచారాలన్నీ మంచివని నేను చెప్పడానికి రాలేదు. పదో రోజు ఆడమనిషి గాజులు పగలగొట్టి, బొట్టు తీసే తంతు చూసినప్పుడల్లా నా కడుపు మండిపోతుంది. భర్త పోయిన దుఃఖం చాలదన్నట్టు దానికి అవమానం కలుపుతాం. ఓదార్చడానికి వచ్చినవాళ్ళే ఆమెను శుభకార్యాలకు దూరం పెడతారు. వీరేశలింగం గారు పోయి నూరేళ్ళు దాటింది. ఈ ఒక్క తంతు ఇంకా ఉండటం మనకు సిగ్గుచేటు. నిద్ర ఆచారాన్ని ఉంచుకుందాం, గాజులు పగలగొట్టే ఆచారాన్ని పారేద్దాం.

కడుపులోనే పోయిన బిడ్డకు, పుట్టి నాలుగు రోజులుండి పోయిన బిడ్డకు మన దగ్గర పూర్తి కర్మ లేదు. పాతిపెట్టి వస్తారు. కర్మ లేదు కాబట్టి పరామర్శా లేదు. “చిన్నదానివి, ఇంకొకరు పుడతారులే” అంటారు. ఆ తల్లికి కావలసింది ఇంకొకరు కాదు. ఆ బిడ్డే. ఆ బిడ్డకు తను మనసులో పెట్టుకున్న పేరు ఏమిటని అడిగినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆత్మహత్య జరిగిన ఇంట్లోనైతే పరామర్శ విచారణలా ఉంటుంది. “ఏమైంది? ముందే తెలియలేదా? గొడవ ఏమైనా జరిగిందా?” ఆ ప్రశ్నలన్నీ ఆ ఇంటివాళ్ళు రాత్రంతా తమను తాము వేసుకుంటూనే ఉంటారు. మనం మళ్ళీ వేయనక్కర్లేదు.

శవం దొరకని దుఃఖం మరో రకం. పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు దీని గురించి ఏళ్ళ తరబడి పనిచేశారు. మనిషి ఉన్నట్టా లేనట్టా తేలకపోతే దుఃఖం మొదలూ కాదు, ముగియదూ అని ఆమె చూపించారు. గల్ఫ్‌లో పోయిన కొడుకు పెట్టె కోసం వారాల తరబడి ఎదురుచూసే జగిత్యాల, నిజామాబాద్ పల్లెల తల్లులకు ఇది తెలుసు. వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారుల ఇళ్ళకు తెలుసు. 2020, 21 సంవత్సరాల్లో కరోనాతో పోయినవాళ్ళను సంచీలో చుట్టి, ముఖం చూపించకుండా తీసుకెళ్ళినప్పుడు లక్షల ఇళ్ళకు తెలిసింది.

శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రంలో ఉంది. మాస్టారి బంధువులు పిల్లలకు ఆ కర్మ చేయించమని ఆయన్ని చాలాసార్లు అడిగారు. పదేళ్ళు ఒప్పుకోలేదు. ప్రతి నవంబరులో హంసలదీవి దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడి వచ్చేవారు. 1987లో ఆయనంతట ఆయనే పురోహితుణ్ణి పిలిచి చేయించారు. అప్పుడు నేను మెడిసిన్ చదువుతున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారని అడిగాను. “అది చేస్తే పిల్లలు లేరని నేనే సంతకం పెట్టినట్టు ఉండేదమ్మా. ఇప్పుడు పెట్టగలను” అన్నారు. ఆయన్ని ఎవరూ తొందరపెట్టి సంతకం చేయించలేదు. ఆ పదేళ్ళూ ఆయన బడికి వస్తూనే ఉన్నారు, పాఠం చెబుతూనే ఉన్నారు.

వైద్యం ఏం నేర్చుకుంది

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది పోయారు. బతికి బయటపడ్డవాళ్ళనూ, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళనూ దగ్గరగా చూసి ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు 1944లో ఒక వ్యాసం రాశాడు. దుఃఖం అలలు అలలుగా వస్తుందని, ఒక్కో అల ఇరవై నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందని, ఆ సమయంలో గొంతు బిగుసుకుపోతుందని, నిట్టూర్పులు వస్తాయని, కడుపు ఖాళీ అయినట్టు ఉంటుందని గమనించాడు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మా ఊరి ఆడవాళ్ళ మాటలే గుర్తొచ్చాయి. గొంతు పూడుకుపోయింది, కడుపులో దేవినట్టుంది అని వాళ్ళు అనేది ఇదే.

1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ రాసిన పుస్తకం నుంచి ‘అయిదు దశలు’ లోకమంతా పాకాయి. ఒప్పుకోకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం. ఆవిడ వాటిని మరణానికి దగ్గరైన రోగుల్లో చూసి రాసింది. తరువాత వాటిని దుఃఖంలో ఉన్న అందరికీ అంటగట్టారు. “డాక్టరుగారూ, నాకు కోపం దశ రాలేదు. నాలో ఏదో లోపం ఉందా?” అని అడిగినవాళ్ళున్నారు. లోపం లేదు. దుఃఖానికి తరగతులు లేవు, పాసవ్వనక్కర్లేదు.

1999లో నెదర్లాండ్స్‌లోని పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షూట్ చెప్పిన మాట నా అనుభవానికి దగ్గరగా ఉంది. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకూ ఊగుతూ ఉంటాడన్నారు. ఒకవైపు పోయినవాళ్ళ మీద బెంగ, ఇంకోవైపు బతుకు పనులు. ఆ ఊగడమే ఆరోగ్యం. పొద్దున చేపల గంప ఎత్తుకుని బజారుకు పోయి బేరమాడి, పొద్దుగూకాక ఇంటికొచ్చి కొడుకు చొక్కా పట్టుకుని ఏడ్చే తల్లిని చూసి ఊళ్ళో, “అప్పుడే మర్చిపోయింది” అంటారు. మర్చిపోలేదు. అటూ ఇటూ ఊగుతూ పడిపోకుండా నిలబడింది.

పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే మనసు కుదుటపడుతుందని చాలాకాలం మా వైద్యంలో అనుకున్నారు. 1996లో డెనిస్ క్లాస్, ఆయన సహరచయితలు తెచ్చిన పుస్తకం ఆ ఆలోచనను మార్చింది. బంధం తెగనక్కర్లేదు, రూపు మారుతుంది అన్నారు. ఏటా తద్దినం పెట్టే ఇంటివాళ్ళకు ఇది వింతగా తోచదు. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మమ్మ పోయాక ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. భార్య కోసం పుస్తకం పట్టేంత పద్యం రాసిన మనిషి బంధం తెంచుకోవడానికి రాశారనుకోను. దాన్ని ఉంచుకోవడానికి ఒక చోటు కట్టుకున్నారు.

దుఃఖం జబ్బు కాదు. ఎక్కువమంది మందూ మాకూ లేకుండానే మళ్ళీ బతుకులో పడతారు. కొద్దిమందికి మాత్రం అది గడ్డకట్టిపోతుంది. నెలల తరువాత కూడా మొదటి రోజులాగే ఉండటం, లేచి పని చేసుకోలేకపోవడం, ఎవరినీ నమ్మలేకపోవడం, తనూ పోతే బాగుండుననుకోవడం. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దీన్ని వైద్యం అవసరమైన స్థితిగా గుర్తించింది. ఆరు నెలలు దాటాలి, ఆ సమాజపు ఆచారాలకు మించి ఉండాలి అన్న షరతులు పెట్టింది. చనిపోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఆరు నెలలు లెక్కపెట్టకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోనులో రాసిపెట్టుకోండి.

మా ఇంట్లో

ఇవన్నీ తెలిసిన మనిషిని నేను. 2021 మే నెలలో మావారు కరోనాతో పోయారు. తెలిసినవేవీ నాకు అక్కరకు రాలేదు. మొదటి పన్నెండు రోజులూ ఫోను మోగుతూనే ఉంది. పదమూడో రోజు సాయంత్రం నుంచి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫ్రిజ్ చప్పుడు వినిపించేది. అంతకు ముందు అది చప్పుడు చేస్తుందని నాకు తెలియదు.

ఎదురింటావిడ రోజూ గేటు దిమ్మె మీద క్యారేజీ పెట్టి, బెల్లు కొట్టి వెళ్ళిపోయేది. ఆంక్షలు సడలించాక ఒకరోజు లోపలికి వచ్చి కూర్చుంది. కాసేపయ్యాక, “అన్నయ్యగారు కాఫీలో చక్కెర ఎంత వేసుకునేవారు?” అని అడిగింది. ఒకటిన్నర చెమ్చా అన్నాను. ఆ అర చెమ్చా కోసం ఇరవై ఏడేళ్ళు ఎలా గొడవపడ్డామో చెప్పాను. చెబుతూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. అంతదాకా అందరూ ఆయన చావు గురించే అడిగారు. ఆక్సిజన్ ఎంత పడిపోయింది, ఎన్ని రోజులు ఉన్నారు అని. ఆయన గురించి అడిగింది ఆవిడ ఒక్కతే.

బుద్ధుడి కాలం నాటి కిసాగోతమి కథ మీకు తెలుసు. మన ఘంటసాలలో స్తూపం కట్టుకున్న బౌద్ధులు కూడా ఆ కథ చెప్పుకునే ఉంటారు. బిడ్డ శవాన్ని ఎత్తుకుని తిరిగే తల్లిని బుద్ధుడు చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. అందరికీ చావు తప్పదని ఆమెకు తెలియజెప్పడానికే అని మనం అర్థం చెప్పుకుంటాం. మావారు పోయాక నాకు ఆ కథ వేరుగా కనిపించింది. ఆ తల్లి ఇంటింటికీ వెళ్ళింది. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు తమ వాళ్ళ పేరు చెప్పారు, ఎలా పోయారో చెప్పారు. సాయంత్రానికి ఆమె ఊరందరి దుఃఖమూ విన్నది. ఆ ఇళ్ళవాళ్ళకూ చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఆ తిరగడంలోనే ఓదార్పు ఉంది.

మనం చేయగలిగినవి

ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళలేదని చాలామంది అంటారు. మాట్లాడనక్కర్లేదు. వెళ్ళి కూర్చోండి. “ధైర్యంగా ఉండు”, “పోయినవాళ్ళు అదృష్టవంతులు”, “కాలమే మాన్పుతుంది” అన్న మాటలు ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి. పోయిన మనిషిని పేరు పెట్టి పలకండి. పేరెత్తితే ఏడుస్తారని భయపడతాం. వాళ్ళు ఎలాగూ ఏడుస్తూనే ఉన్నారు. మీ ముందు ఏడిస్తే ఒంటరిగా ఏడవరు, అంతే తేడా.

పని పంచుకోండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ తరువాత బ్యాంకు, పింఛను, రేషన్ కార్డు, గ్యాస్ కనెక్షన్, భూమి కాగితాలు. ప్రతి కౌంటరు దగ్గరా ‘మరణించిన వ్యక్తికి మీరేమవుతారు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడి ఉండటం ఎంత ఆసరానో నాకు తెలుసు.

పిల్లలకు నిజం చెప్పండి. అమ్మ ఊరెళ్ళిందంటే ఎదురుచూస్తారు. నిద్రపోయిందంటే తాము నిద్రపోవడానికి భయపడతారు. “అమ్మ చనిపోయింది. ఇక రాదు. నీ తప్పేమీ లేదు. నిన్ను మేం చూసుకుంటాం” అని నాలుగు మాటలు మెల్లగా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యంగా, పదమూడో రోజు తరువాత వెళ్ళండి. నలభయ్యో రోజు వెళ్ళండి. మొదటి సంక్రాంతికి వెళ్ళండి. ఆ మనిషి పుట్టినరోజు తెలిస్తే ఆ రోజు ఫోను చేయండి. మాసికాలు పెట్టే ఓపిక, నమ్మకం లేకపోతే పోనివ్వండి. మనుషులం మనమే ఆ మాసికాలు కావచ్చు.

నోటుపుస్తకం

మావారు పోయిన నలభై అయిదో రోజున మాస్టారు ఫోను చేశారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. గొంతు వణుకుతోంది. “తిన్నావా అమ్మా?” అని అడిగి, ఆ తరువాత చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఫోను రెండు వైపులా ఊపిరి వినిపిస్తూ ఉంది. ఏడో తరగతి గదిలో ఆయన ఆగినట్టే ఉంది. మరుసటి నెల చేశారు. ఏడాది నాడూ చేశారు. పెద్దాయన, ఎప్పుడో గుర్తొచ్చి చేస్తున్నారనుకున్నాను.

ఆయన పోయాక శిష్యులు ఆయన గది సర్దుతుంటే ఒక నోటుపుస్తకం దొరికింది. రెండు వందల పేజీల మామూలు బడి పుస్తకం. గీతలు గీసి, చుట్టుపక్కల ఊళ్ళలో పోయినవాళ్ళ పేర్లు రాసుకున్నారు. పేరు పక్కన తేదీ, ఇంట్లో మిగిలినవాళ్ళ పేర్లు. ఆ పక్కన చిన్న చిన్న టిక్కులు. నలభై, అరవై, ఆరు నెలలు, ఏడాది. హాజరు పట్టీ లాగే ఉంది. మావారి పేరు నూట డెబ్భయ్యో పేజీలో ఉంది. మూడు టిక్కులున్నాయి.

ఆ పుస్తకం ఇదిగో, ఈ బల్ల మీద ఉంది. ఇవాళ పొద్దున తిరగేస్తుంటే వచ్చే మంగళవారం తేదీతో ఒక పేరు కనిపించింది. ఇక్కడికి అయిదు మైళ్ళ దూరంలోని ఊళ్ళో పోయిన పదేళ్ళ పిల్లవాడు. ఆ పేరు పక్కన మాస్టారు ఏటా ఒక టిక్కు పెట్టారు. ఆయన పోయిన ఏడాది నుంచి ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. తల్లి పేరు కూడా రాసి ఉంది.

మంగళవారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకు నేను వెళ్తున్నాను. మీలో ఒకరు తోడు రండి.